లారీల లెక్క: ఒక బొమ్మ, ఒక యుద్ధం

వియత్నాం యుద్ధం అనగానే చాలామందికి హెలికాప్టరు గుర్తొస్తుంది. హాలీవుడ్ సినిమాలు మనకి అలా అలవాటు చేశాయి. కానీ ఆ యుద్ధాన్ని రెండు వైపులా రోజూ మోసింది లారీ. బియ్యం, పెట్రోలు, తూటాలు, సైనికులు, గాయపడ్డవాళ్ళు, అన్నీ లారీల్లోనే వెళ్ళాయి. ఈ వ్యాసం అలాంటి ఒక లారీ గురించి, దాని బొమ్మ గురించి. వాటితోపాటు, శత్రువు లారీలని లెక్కపెట్టే పని నెత్తిన వేసుకున్న ఒక పెద్ద యంత్రాంగం గురించి కూడా.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. చదివింది బీకాం. ఉద్యోగమంతా రక్షణ శాఖ జమాఖర్చుల్లో గడిచింది. ఇంజనీరుని కాను, సైనికుణ్ణి అసలే కాను. రిటైరయ్యాక ప్లాస్టిక్ కిట్లు కొని మోడల్స్ చెయ్యడం మొదలుపెట్టాను. మా సంఘంలో మిత్రులు కొందరు, "యుద్ధం వద్దనేవాళ్ళం కదండీ, మీకీ మిలిటరీ బళ్ళ బొమ్మలెందుకు?" అని అడుగుతుంటారు. ప్రశ్న న్యాయమైనదే. నా జవాబు ఒకటే. బొమ్మ చెయ్యాలంటే కొలవాలి, కొలవాలంటే సాక్ష్యం వెతకాలి. యుద్ధం గురించి ప్రభుత్వాలు చెప్పే మాటల్లో కొలతకి నిలబడేది ఎంతో తెలుసుకోవడానికి నాకు దొరికిన దారుల్లో ఇదొకటి.

నేను చేసిన మోడల్ అమెరికన్ ఎం35ఏ2 లారీ. రెండున్నర టన్నుల లారీ కాబట్టి సైనికులు దాన్ని ముద్దుగా 'డ్యూస్ అండ్ ఎ హాఫ్' అనేవాళ్ళు, అంటే 'రెండున్నర'. రెండో ప్రపంచ యుద్ధం తరవాత రియో అనే కంపెనీ దీన్ని రూపొందించింది. కంపెనీ స్థాపకుడు రాన్సమ్ ఇ. ఓల్డ్స్ పేరులోని పొడి అక్షరాలే ఆ రియో. లారీ 1950 ప్రాంతంలో సైన్యంలోకి వచ్చింది. ఆ తరవాత స్టూడిబేకర్, కైజర్ జీప్, ఏఎం జనరల్ కంపెనీలు కూడా తయారుచేశాయి. మూడు ఇరుసులు, మూడిటికీ ఇంజను శక్తి అందుతుంది. వెనక రెండు ఇరుసుల మీదా జోడు చక్రాలు, ముందు రెండు, మొత్తం పది టైర్లు. క్యాబిన్‌కి రేకు పైకప్పు ఉండదు, గుడ్డ కప్పే.

ఈ లారీ ఇంజనులో ఒక విశేషముంది. 1960లలో వచ్చిన ఎం35ఏ1, ఎం35ఏ2 రకాల్లో పెట్టింది బహుళ ఇంధన ఇంజను. డీజిలు పోసినా నడుస్తుంది, కిరోసిన్ పోసినా నడుస్తుంది, జెట్ విమానాల ఇంధనంతోనూ నడుస్తుంది, అవసరమైతే పెట్రోలుతోనూ నడుస్తుంది. ఆ దహన పద్ధతి జర్మనీలోని మాన్ కంపెనీ నుంచి వచ్చింది. మన దేశంలో జబల్‌పూర్‌లో 1959 నుంచి తయారైన శక్తిమాన్ లారీ కూడా ఆ మాన్ కంపెనీ లైసెన్సుతో పుట్టిందే. రిపబ్లిక్ డే పరేడ్‌లోనో, ఏ కంటోన్మెంట్ రోడ్డు మీదో శక్తిమాన్‌ని చూసినవాళ్ళకి ఎం35 మరీ పరాయిగా అనిపించదు. ఇంజను గురించి ఇంకొక్క మాట గుర్తుపెట్టుకోండి. దీనికి స్పార్క్ ప్లగ్గులు ఉండవు. ఈ వివరంతో తరవాత పనుంది.

ఇక మోడల్ సంగతి. నేను వాడింది తైవాన్‌కి చెందిన ఏఎఫ్‌వీ క్లబ్ కిట్. స్కేలు 1:35. అంటే అసలు లారీ పొడవు సుమారు 6.7 మీటర్లయితే బొమ్మ 19 సెంటీమీటర్లు. ఈ 35 అనే అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందని చాలామంది అడుగుతారు. 1960ల మొదట్లో జపాన్‌లోని టమియా కంపెనీ ఒక జర్మన్ ట్యాంకు బొమ్మ చేసింది. లోపల మోటారు, బ్యాటరీలు పట్టాలి కాబట్టి వాటికి సరిపడా పెట్టె చేసి, ఆ కొలతకి ట్యాంకుని దించారు. తరవాత లెక్కేసుకుంటే అది 35వ వంతుకి దగ్గరగా ఉంది. ఆ బొమ్మ బాగా అమ్ముడుపోయింది, దాని తరవాతివి కూడా అదే కొలతలో వచ్చాయి, క్రమంగా ప్రపంచమంతా అదే ప్రామాణికమైంది. ఏ శాస్త్రమూ లేదు, ఏ పవిత్రతా లేదు, బ్యాటరీ పెట్టె సైజు మాత్రమే. మన ఆచారాలు కొన్నిటి పుట్టుపూర్వోత్తరాలు వెతికినా ఇలాంటి బ్యాటరీ పెట్టే బయటపడుతుంది.

లెక్కలవాణ్ణి కాబట్టి ఇంకో చిన్న లెక్క. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 35వ వంతుకి తగ్గితే ఘనపరిమాణం 35ని మూడుసార్లు హెచ్చవేసినంత తగ్గుతుంది, అంటే 42,875వ వంతు. అసలు ఖాళీ లారీ బరువు సుమారు 5,900 కిలోలు. దాన్ని 42,875తో భాగిస్తే 138 గ్రాములు వస్తుంది. బొమ్మని అదే ఇనుముతో చేసినా ఒక యాపిల్ పండు అంత బరువే ఉంటుందన్నమాట. పొడవు తగ్గినట్టు బరువు తగ్గదు. ఈ తేడా తెలియకపోతే బొమ్మలో తప్పులొస్తాయి. యుద్ధంలో అయితే మనుషులు పోతారు. ఎలాగో చూద్దాం.

కిట్ పెట్టె విప్పితే ప్లాస్టిక్ ఫ్రేములకి అంటుకుని భాగాలుంటాయి. ఒక్కోటీ కత్తిరించి, ఎమరీ పేపరుతో నునుపు చేసి అతికించాలి. దీనికి వాడే జిగురు మామూలు జిగురు కాదు, అది ప్లాస్టిక్‌ని కాస్త కరిగిస్తుంది, రెండు ముక్కలూ కరిగి ఒకటవుతాయి. ముందు ఛాసిస్, దానికి కమాను పట్టీలు, ఇరుసులు, తరవాత ఇంజను, క్యాబిన్, చివర వెనక తొట్టి. రంగు ముదురు ఆలివ్ ఆకుపచ్చ. దాని మీద దుమ్ము వెయ్యాలి. ఎలాంటి దుమ్మో కూడా తెలియాలి. నా లారీ వియత్నాం మధ్య పీఠభూమిలో తిరిగింది అనుకున్నాను కాబట్టి ఎర్రదుమ్ము. ప్లేకూ ప్రాంతం నేల అగ్నిపర్వత శిలలు చివికి ఏర్పడిన ఎర్రమట్టి.

ఆ ప్లేకూకి వెళ్ళే దారే రూట్ 19. సముద్రతీరంలోని క్వీ న్యోన్ రేవు నుంచి ఆన్ ఖే కనుమ, మాంగ్ యాంగ్ కనుమ ఎక్కి పీఠభూమికి చేరుతుంది. 1954 జూన్‌లో ఫ్రెంచి సైన్యపు 'గ్రూప్ మొబీల్ 100' అనే దళం ఈ దారి మీదే మాటుదాడిలో ఛిన్నాభిన్నమైంది. పదమూడేళ్ళ తరవాత అదే దారిలో అమెరికన్ లారీలు రోజూ తిరిగాయి. 1967 సెప్టెంబర్ 2న ప్లేకూ నుంచి తిరిగొస్తున్న కాన్వాయ్ మీద ఆన్ ఖేకి పశ్చిమాన మాటుదాడి జరిగింది. కొద్ది నిమిషాల్లోనే ఏడుగురు చనిపోయారు, 17 మంది గాయపడ్డారు, సుమారు 30 బళ్ళు దెబ్బతిన్నాయి. చనిపోయినవాళ్ళు లారీ డ్రైవర్లు. వాళ్ళని కాపాడాల్సిన సాయుధ వాహనాలు ఆ దారికి సరిపడా లేవు.

అప్పుడు డ్రైవర్ల యూనిట్లే ఒక ఉపాయం పన్నాయి. కొన్ని రెండున్నర టన్నుల లారీల తొట్టిలో చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి, మధ్యలో మెషిన్‌గన్లు బిగించారు. అవే 'గన్ ట్రక్కులు'. సరుకు మొయ్యాల్సిన లారీ సరుకు లారీలకి కాపలా బండి అయింది. మోడల్స్ చేసేవాళ్ళకి ఇవంటే మహా ఇష్టం. నల్లరంగు పూసి, పక్కన పెద్ద అక్షరాలతో పేర్లు రాసుకునేవాళ్ళు, చూడ్డానికి ఆర్భాటంగా ఉంటాయి. చాలామంది బొమ్మ మీద బస్తాలు కుప్పలుగా పోసేస్తారు.

ఇక్కడే బరువు లెక్క అవసరమవుతుంది. ఒక ఇసుక బస్తా 18 కిలోలు అనుకుందాం. వంద బస్తాలు పేరిస్తే 1,800 కిలోలు. రోడ్డు సరిగా లేనిచోట ఈ లారీ మొయ్యగలిగే బరువు సుమారు 2,270 కిలోలు. నలుగురు మనుషులు 300 కిలోలు, ఆపైన మెషిన్‌గన్లు, తూటా పెట్టెలు. ఖాతా నిండిపోయింది. మంచి రోడ్డు మీద దీనికి రెట్టింపు మొయ్యవచ్చన్న మాట నిజమే. కానీ అక్కడ కనుమలు ఎక్కాలి, కాన్వాయ్ వెనకపడకూడదు, పైగా వానాకాలం. తడిసిన ఇసుక ఎంత బరువెక్కుతుందో ఇల్లు కట్టించిన ప్రతివాళ్ళకీ తెలుసు. బస్తాలు బరువెక్కి లారీలు నీరసించాయి. దాంతో బస్తాల బదులు ఉక్కు పలకలు బిగించారు. అదీ చాలక చివరికి ఐదు టన్నుల ఎం54 లారీలని గన్ ట్రక్కులుగా మార్చారు. ఆ రకంలో ఒకటి, 'ఈవ్ ఆఫ్ డిస్ట్రక్షన్' అనే పేరుది, వర్జీనియాలోని ఫోర్ట్ యూస్టిస్ ట్రాన్స్‌పోర్టేషన్ మ్యూజియంలో ఉంది.

కాబట్టి ఎం35 గన్ ట్రక్ బొమ్మ చేసేవాళ్ళు బస్తాలు పేర్చి ఊరుకుంటే చాలదు. వెనక కమాను పట్టీలని కాస్త కిందికి వంచాలి, టైర్ల అడుగు కాస్త చదును చెయ్యాలి. బరువు పెరిగాక పట్టీలు మాత్రం కొత్తవాటిలా నిక్కి ఉంటే ఆ బొమ్మ అబద్ధం చెబుతున్నట్టే. వస్తువులో ఒకచోట వేసిన పద్దుకి ఇంకోచోట ఎదురు పద్దు ఉండి తీరాలి. దీన్నే మా భాషలో డబుల్ ఎంట్రీ అంటారు.

ఇప్పుడు అవతలి వైపుకి వెళ్దాం. ఉత్తర వియత్నాం 1959 మేలో 559 గ్రూపు అనే దళాన్ని ఏర్పాటు చేసింది. లావోస్ అడవుల గుండా దక్షిణానికి సరుకు చేర్చడం దాని పని. ఆ దారుల వలకే హో చి మిన్ బాట అని పేరొచ్చింది. మొదట్లో మనుషులు వీపుల మీద, సైకిళ్ళ మీద మోశారు. తరవాత లారీలు వచ్చాయి. సోవియట్ జిల్, గాజ్ లారీలు, చైనా వాళ్ళ జియెఫాంగ్ లారీలు. వీటిలో జిల్-157 కూడా మూడు ఇరుసులదే, ఎం35కి దాయాది అనుకోవచ్చు. ఇంజను మాత్రం పెట్రోలుది.

ఈ లారీలని ఆపడానికి అమెరికా ఏం చేసిందో చూడండి. రక్షణమంత్రి రాబర్ట్ మెక్‌నమారా 1966లో ఎలక్ట్రానిక్ అడ్డుగోడ అనే ఆలోచనని ముందుకు తీసుకెళ్ళాడు. ఈయన ఒకప్పుడు హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో అకౌంటింగ్ చెప్పినవాడు, 1960లో ఫోర్డ్ కంపెనీ అధ్యక్షుడైనవాడు. మా వృత్తి మనిషే అన్నమాట. ఆ పథకం తరవాత ఇగ్లూ వైట్ అనే పేరుతో లావోస్ మీద అమలైంది. విమానాల నుంచి అడవిలోకి సెన్సర్లు విసిరేవాళ్ళు. కొన్ని భూమిలో గుచ్చుకుని ప్రకంపనలు పట్టేవి, వాటి యాంటెన్నాలు మొక్కల్లా కనిపించేవి. కొన్ని చెట్లకి చిక్కుకుని శబ్దాలు వినేవి. ఆ సంకేతాలని ఆకాశంలో తిరిగే విమానం అందుకుని, థాయ్‌లాండ్‌లోని నఖోన్ ఫానోమ్ స్థావరానికి పంపేది. అక్కడ ఐబీఎం 360 కంప్యూటర్లు. అక్కణ్ణుంచి బాంబర్లకి, ఏసీ-130 గన్‌షిప్‌లకి సమాచారం. కొన్ని గన్‌షిప్‌లలో పెట్రోలు ఇంజను స్పార్క్ వల్ల పుట్టే విద్యుత్ సందడిని దూరం నుంచే పట్టే పరికరం ఉండేది. జిల్ లారీ దానికి దొరుకుతుంది. స్పార్క్ ప్లగ్గులు లేని అమెరికా సొంత ఎం35 దొరకదు!

ఈ దాడులకి కమాండో హంట్ అని పేరు. 1968 నవంబర్ నుంచి 1972 మార్చి దాకా ఏడు విడతలు సాగాయి. విజయాన్ని దేనితో కొలవాలి? ధ్వంసమైన లారీల సంఖ్యతో. 1970-71 ఎండాకాలపు ఐదో విడతలో 16 వేలకి పైగా లారీలు ధ్వంసమయ్యాయని, మరికొన్ని వేలు దెబ్బతిన్నాయని, మొత్తం 20 వేలు దాటిందని వైమానిక దళం ప్రకటించింది.

ఏ చిన్న గోదాము గుమస్తాని అడిగినా ఒక సూత్రం చెబుతాడు. ప్రారంభ నిల్వ, దానికి వచ్చిన సరుకు కలుపు, పోయింది తీసెయ్యి, మిగిలింది ముగింపు నిల్వ. ఉత్తర వియత్నాం దగ్గర మొత్తం ఉన్నాయని గూఢచారి సంస్థలు అంచనా వేసిన లారీలకన్నా, ధ్వంసం చేశామని చెప్పిన లారీలు ఎక్కువయ్యాయి. అయినా రాత్రి కాగానే సెన్సర్లకి లారీల చప్పుడు వినిపిస్తూనే ఉంది. పోనీ, ధ్వంసమైనవాటి శిథిలాలు ఉండాలి కదా? పొద్దున్నే విమానాలు వెళ్ళి ఫోటోలు తీస్తే, లెక్కకి తగినన్ని శిథిలాలు కనపడేవి కావు.

దీనికి వైమానిక దళంలోనే ఒక జోకు పుట్టింది. లావోస్ అడవుల్లో లారీలని తినే ఒక మహా జంతువు ఉందని, తెల్లారేలోగా శిథిలాలన్నీ అదే మింగేస్తోందని. మన ఊళ్ళలో కొరివి దెయ్యాల కథలు విని నవ్వే మనం దీన్ని విని ఇంకా గట్టిగా నవ్వాలి. కంప్యూటర్లు, సెన్సర్లు, ఏటా వంద కోట్ల డాలర్ల స్థాయి ఖర్చు, అన్నీ కలిపి చివరికి ఒక భూతం ఉంటే తప్ప సరిపడని లెక్కని తయారుచేశాయి. అమెరికన్ అధికారులే ఆ అంకెల్లో 30 శాతం దాకా కోసేసి చదివేవాళ్ళని 1971లో సెనేట్ నివేదిక ఒకటి చెప్పింది. రాని బాకీల కింద కొంత తీసిపెట్టినట్టన్నమాట. సీఐఏ ఇంకా ఎక్కువే కోసింది.

మరి తప్పుడు లెక్క ఎలా వచ్చింది? ఎవరో కూర్చుని దొంగ లెక్క రాశారనుకోనక్కర్లేదు. చీకట్లో గన్‌షిప్ కాల్చిన 40 మిల్లీమీటర్ల గుండు లారీకి తగిలినట్టు కనిపిస్తే 'ధ్వంసం' అని రాసుకునేవాళ్ళు. తగిలిన లారీ నిజంగా పోయిందా? 1971లో ఆ ప్రశ్న వైమానిక దళం లోపలే వచ్చింది. దక్షిణ వియత్నాంలోని బియన్ హోవా దగ్గర లారీలని వరసగా నిలబెట్టి గన్‌షిప్‌తో కాల్పించి చూశారు. పాత పద్ధతిలో అయితే ధ్వంసం కింద రాసుకునే లారీల్లో చాలావాటిని బాగుచేసి మళ్ళీ నడపొచ్చని తేలింది. దాంతో రూలు మార్చారు. తగలబడితేనో, పేలిపోతేనో ధ్వంసం, లేకపోతే దెబ్బతిన్నట్టు మాత్రమే. తరవాతి ఎండాకాలం, అంటే ఏడో విడతలో, లెక్క మొత్తం 10,609కి దిగింది. అందులో ధ్వంసం 4,727, దెబ్బతిన్నవి 5,882. తేడా అంతా రూలు వల్లే వచ్చిందని నేను అనను, ఆ ఏడాది పరిస్థితులు వేరు. కానీ 16 వేలు ఎక్కడ, 5 వేల లోపు ఎక్కడ? నిర్వచనం మారితే ఇంత మారే అంకెని పట్టుకుని యుద్ధం గెలుస్తున్నామని చెప్పడం ఎంతవరకు సబబు?

ముగింపు నిల్వ ఎంతో 1972 మార్చి 30న తేలిపోయింది. ఉత్తర వియత్నాం సైన్యం ట్యాంకులు, ఫిరంగులతో దక్షిణం మీద భారీ దాడి మొదలుపెట్టింది. వాటికి కావలసిన గుండ్లు, ఇంధనం ఆకాశం నుంచి ఊడిపడలేదు. 'ధ్వంసమైన' దారుల మీద నుంచి కూడా చాలా సరుకు వచ్చింది.

ఒకవైపే తప్పు లెక్కలు వేసిందనుకోవడం కూడా హేతువాదం కాదు. హనోయి తాము కూల్చామని ప్రకటించిన అమెరికన్ విమానాలు 4 వేలకి పైమాటే. ఉత్తర వియత్నాం మీద అమెరికా నిజంగా పోగొట్టుకున్న విమానాలు దానికన్నా చాలా తక్కువ. గెలుస్తున్నామని చెప్పుకోవాల్సిన అవసరం ఉన్నవాడి చేతికే లెడ్జరు ఇస్తే, ఏ జెండా కింద అయినా జరిగేది ఇదే.

ఈ తప్పు లెక్కని జోకుగా తీసుకుని వదిలెయ్యలేం. 1964 నుంచి 1973 వరకు లావోస్ మీద అమెరికా వేసిన బాంబులు 20 లక్షల టన్నులు దాటాయి. అన్నీ లారీల కోసం వేసినవి కావు. కానీ ఫలితం కనిపిస్తోందని అంకెలు చెబుతున్నంతకాలం ఆపాలనే మాటకి బలం ఉండదు. వాటిలో పేలకుండా మిగిలిపోయిన చిన్న చిన్న బాంబులు ఇప్పటికీ అక్కడి పొలాల్లో ఉన్నాయి. ఆ యుద్ధం నాటికి పుట్టని పిల్లలు వాటివల్ల కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్నారు. ఏ లెడ్జరులోనూ వాళ్ళకి పద్దు లేదు.

ఇంకో నష్టం మరుపు. గన్ ట్రక్ అనే వాహనం సైన్యపు పరికరాల పట్టికలో ఒక స్థిరమైన రకంగా చోటు సంపాదించుకోలేదు. యుద్ధం అయ్యాక వాటిని చాలావరకు విప్పేశారు, పాఠం కూడా పక్కకి పోయింది. 2003లో ఇరాక్ వెళ్ళిన అమెరికన్ సైనికులు మళ్ళీ మొదటికి వచ్చారు. 2004 డిసెంబర్‌లో కువైట్‌లో ఒక సైనికుడు లేచి, మా బళ్ళకి రక్షణ కోసం చెత్తకుప్పల్లో ఇనుప ముక్కలు ఎందుకు ఏరుకోవాల్సి వస్తోందని రక్షణమంత్రి రమ్స్‌ఫెల్డ్‌నే అడిగాడు. 1967లో ఏడుగురు డ్రైవర్ల ప్రాణాలతో కొన్న పాఠాన్ని పట్టికలో చోటు లేదని పోగొట్టుకున్నారు. అక్కడ లేని లారీలకి లెక్కలున్నాయి, ఇక్కడ ఉన్న లారీలకి ఖాతా లేదు.

దేవుళ్ళని, బాబాలని ప్రశ్నించడం మనకి అలవాటే. అంకెల విషయానికొచ్చేసరికి మనలోనూ చాలామంది చప్పబడిపోతారు. కంప్యూటర్ నుంచి వచ్చిందంటే, దశాంశ స్థానాలతో సహా ఉందంటే, అది శాస్త్రీయమే అనుకుంటాం. బాబా గాల్లోంచి విభూతి తీస్తే చేతులు తనిఖీ చేద్దామంటాం. ప్రభుత్వమో, కంపెనీయో, ఉద్యమమో గాల్లోంచి అంకె తీస్తే మాత్రం రాసుకుంటాం. స్టాకు తనిఖీకి వెళ్ళిన ఆడిటరు చేసే పని చాలా మామూలుది. లెడ్జరు మూసి గోదాములోకి నడుస్తాడు, సరుకు చూపించమంటాడు. ఎన్ని ధ్వంసం చేశారని అడగడంతో ఆపకుండా, శిథిలం ఎక్కడుందని కూడా అడగాలి.

నా ఎం35ని గన్ ట్రక్‌గా చెయ్యలేదు. మామూలు సరుకు లారీగానే ఉంచాను. పైన టార్పాలిన్, లోపల పెట్టెలు, చక్రాలకి ఎర్రదుమ్ము. పెట్టెల బరువుకి తగ్గట్టు వెనక పట్టీలు ఒక మిల్లీమీటరు కిందికి వంచాను. చూడ్డానికి వచ్చినవాళ్ళు దాన్ని గమనించరు. గమనించి ఎందుకని అడిగిన ఒకరిద్దరికి మాత్రం ఈ కథంతా చెప్పాల్సి వస్తుంది.